తొలిచిన ఉక్కు, మారిన పేరు

1945వ సంవత్సరమున కాలిఫోర్నియాలోని సౌత్ గేట్ పట్టణమందు, అంతకుమున్ను బీమా పాలసీలు విక్రయించి జీవనము సాగించుచుండిన రాయ్ వెదర్బీ అను నతడు తుపాకుల దుకాణమొకటి తెరచెను. గుండు వేగమే తుపాకికి ప్రాణమని నమ్మిన ఆ మనుష్యుని యొద్దకు తొలినాళ్లలో క్రొత్త తుపాకి కొనదలచినవారే గాక, తమ యింటనున్న పాత రైఫిలునే ఆయన కల్పించిన క్రొత్త మాగ్నం తూటాకు తగినట్లు మార్పించుకొనగోరిన వేటగాండ్రును వచ్చుచుండిరి. అట్లు వచ్చిన తుపాకి గొట్టముపై .300 హాలండ్ అండ్ హాలండ్ మాగ్నం అను పేరు చెక్కియున్నదనుకొందము; పని ముగిసిన పిదప ఆ పేరు చెల్లదు, .300 వెదర్బీ మాగ్నం అను వేరొక పేరు దానిపై నెక్కవలెను. చెక్క యదియే, బోల్టు అదియే, గొట్టమదియే, గొట్టములోని మెలిగాళ్లును అవియే. చేతికి తగులు బరువులో భేదము తెలియదు, కంటికి కనబడు ఆకారమున మార్పు లేదు. అట్లయ్యు నిన్నటివరకు అందు పేల్చిన తూటా వేరు, నేటినుండి పేల్చవలసిన తూటా వేరు. ఇది ఆ తుపాకియేనా, మరియొకటియా?

తుపాకి పనివానికి ఈ ప్రశ్నతో నిమిత్తము లేదు. అతనికి కూలి ముట్టిన చాలును. మన దర్శనకారులు కుండను, వస్త్రమును, బంగారమును ముందిడుకొని శతాబ్దముల తరబడి వాదించిన ప్రశ్న యిది. ఆ యుదాహరణములు చర్వితచర్వణములై, విద్యార్థులు అర్థము తలంపకయే వల్లించు దశకు వచ్చినవి గనుక, వాని స్థానమున ఒక యంత్రశాలలోని ఉక్కుగొట్టమును నిలిపి చూచుటలో దోషములేదని నా తలంపు. పాత సిద్ధాంతము క్రొత్త వస్తువుపై నిలువలేనిచో అది సిద్ధాంతము కాదు, అలవాటు మాత్రమే.

ముందుగా పని యెట్టిదో చూడవలెను. రైఫిలు గొట్టము వెనుక కొనయందు తూటా కూర్చుండుటకు ఒక గది తొలిచియుందురు; దానినే చాంబరు అందురు. గుండు ప్రయాణము చేయు నాళము వేరు, తూటా నిలుచు గది వేరు. హాలండ్ వారి తూటాకును వెదర్బీ తూటాకును అడుగుభాగమొక్కటే, అడుగున చుట్టిన ఇత్తడి పట్టీయు నొక్కటే, ముందుకు దూసికొనిపోవు గుండు మందమును ఒక్కటే, 0.308 అంగుళము. భేదమంతయు నడుమనున్నది. హాలండ్ తూటా అడుగునుండి క్రమముగా సన్నగిల్లి భుజము చేరునప్పటికి రమారమి 0.450 అంగుళము వ్యాసమునకు దిగును. వెదర్బీ తూటా అట్లు సన్నగిల్లక, భుజమువద్ద 0.495 అంగుళము వరకు నిండుగా నిలిచి, అచ్చటినుండి వంపు తిరిగి మెడలోనికి చేరును. అనగా రెండు తూటాల భుజములను కొలిచి చూచినచో, వ్యాసమునందలి భేదము ఒక మిల్లీమీటరుకు కించిత్తు మించును. ఇంతటి స్వల్పమునకే పేరు మారినది.

ఆ స్వల్పమును తీయుటకు వాడు పనిముట్టును రీమరు అందురు. క్రొత్త తూటా యే రూపమున నున్నదో ఆ రూపముననే చేయబడి, నిలువునా పదునైన అంచులు గల ఉక్కు సాధనమది. గొట్టమును లేతుపై బిగించి, నూనె ధారాళముగా పోయుచు, రీమరును కొంచెము లోనికి నడిపి, వెలికి తీసి, అంచులకు అంటుకొనిన సన్నని లోహపు రజనును తుడిచి, మరల నూనె పోసి, మరల కొంచెము నడపవలెను. ఒక్క రజనుపోగు అంచున చిక్కి తిరిగినచో గది గోడపై గీత పడును. ఆ గీత పేలిన తూటా తొడుగుమీద ప్రతిసారియు ముద్రితమగుచుండును. నడుమనడుమ గేజిని చొప్పించి బోల్టు మూసి చూచుదురు. ఒక గేజి యున్నది, దానిపై బోల్టు మూతపడవలెను. రెండవది యున్నది, దానిపై మూతపడరాదు. పట్టీ కూర్చుండు లోతు 0.220 అంగుళమునకు తగ్గరాదు, దానికి పైన వేయవ వంతులు కొన్నింటికి మించి పెరుగనురాదు. ఈ రెండు గేజీల నడుమనున్న సందులోనే ఆ శిల్పమంతయు నిలిచియున్నది. రెండవ గేజిపై బోల్టు మూతపడిన క్షణమున పనివాని ముఖము చూడవలెను. ఎక్కువ తీసినాడు, తీసినదానిని మరల పెట్టజాలడు.

హాలండ్ వారు తమ తూటాను అట్లు సన్నగిల్లజేయుటకు కారణమున్నది. 1912లో .375 మాగ్నంను, 1925లో .300 మాగ్నంను వెలువరించిన ఆ లండను సంస్థ దృష్టి ఆఫ్రికాపైనను మన దేశముపైనను ఉండెను. ఉష్ణదేశముల యెండకు మందు వేడెక్కి తూటాలో ఒత్తిడి పెరిగినపుడు, నిటారుగా నున్న తొడుగు గదిగోడలకు పట్టుకొని వెలికి రాక మొరాయించును. ఎదుట పులి నిలిచియున్న వేళ అది చిన్న సంకటము కాదు. సన్నగిల్లు తొడుగు కొంచెము కదలినంతనే గోడను విడుచును. ఆ కాలపు కార్డైటు మందు పోగులుగా నుండుటచేతను ఆ దీర్ఘాకృతి అనుకూలించెను. వెదర్బీకి పశ్చిమ అమెరికా కొండలలోని చల్లగాలి, క్రొత్త మందులు, దూరమున నున్న జింక; కనుక ఆయన ఆ జాగ్రత్తను అనవసరమని తీసివేసి, దాని స్థానమున మందు నింపెను. 180 గ్రెయినుల గుండు సెకనుకు 2900 అడుగుల ప్రాంతము నుండి 3200 అడుగులకు పైబడెను. ఒకరి వివేకము మరియొకరికి వృథాస్థలముగా తోచుట దేశకాలభేదముచేత కలుగు సహజవిషయము. దీనిని నేను తప్పుపట్టను.

ఇక ప్రశ్నకు వత్తము. జన్మాంతరమును గూర్చి చెప్పునపుడు మనవారు గీతలోని జీర్ణవస్త్రముల ఉపమానమును తటాలున అందుకొందురు. ఆ ఉపమానము గొట్టమునే విప్పి పారవేసి క్రొత్త గొట్టము బిగించు పనికి చక్కగా సరిపోవును. పాతది పోయినది, క్రొత్తది వచ్చినది, దేహి యెవరో వారు నిలిచియున్నారు. మన యెదుటనున్న పనిలో అట్లు విడిచినదియు లేదు, తొడిగినదియు లేదు. ఉన్న శరీరమే, తనలోని కొంత భాగమును కోల్పోయి, వేరొక వ్యవహారమునకు అర్హమైనది. కనుక గీతను ఇచ్చట పక్కన ఉంచి న్యాయవైశేషికులను పిలువవలసియున్నది.

కుమ్మరి ఆవములో పచ్చికుండ కాలి యెర్రబడునపుడు ఏమి జరుగుచున్నదని వారిలో వారికే తగవు. వైశేషికులు, అగ్ని చొచ్చుటతో కుండ పరమాణువులవరకు విడిపోయి, ఆ పరమాణువులలో రంగు మారి, అవి మరల కూడి వేరొక కుండ పుట్టునందురు. దీనికి పీలుపాకవాదమని పేరు. నైయాయికులు, కుండ కుండగానే నిలిచి కాలుననియు, పైన పేర్చిన కుండలు కూలకుండుటయు, అది యిదియే యను గుర్తింపు కలుగుటయు అందుకు సాక్ష్యమనియు చెప్పుదురు; ఇది పిఠరపాకవాదము. మన తెలుగునాట పుట్టిన అన్నంభట్టు తన తర్కసంగ్రహదీపికలో ఈ రెంటిని ప్రస్తావించెను. తర్కసంగ్రహము చదువుకొన్న బాలుడు సైతము వీనిని విని యుండును. వైశేషికుడే మన యంత్రశాలకు వచ్చినచో అతని తీర్పునకు క్షణము పట్టదు. వస్త్రమునుండి ఒక్క పోగు లాగినను పాత వస్త్రము నశించి వేరొక వస్త్రము పుట్టినదనువాడు, గొట్టమునుండి చేరెడు రజను రాలిన పిదప అదే గొట్టమని యెట్లనును? రీమరు తిరిగిన ప్రతి చుట్టుకును అతని దృష్టిలో ఒక తుపాకి చచ్చి మరియొక తుపాకి పుట్టుచున్నది. తర్కమున ఇది అభేద్యమే గాని, లోకవ్యవహారమున దీనిని పట్టుకొని నడచుట దుర్ఘటము. గుండు వెళ్లిన ప్రతిసారియు నాళము రవ్వంత అరుగుచునే యున్నది గనుక, ఎవ్వడును ఒకే తుపాకిని రెండుమారులు పేల్చలేదని ఒప్పుకొనవలసి వచ్చును.

సాంఖ్యుని మార్గము వేరు. కార్యము కారణమునందు ముందే యున్నది, నువ్వులలో నూనె వలె. పనివాడు దానిని వెలికి తెచ్చును గాని క్రొత్తగా సృజింపడు. వెదర్బీ గది ఆ ఉక్కులో ముందే దాగియుండెనని ఆయన యనును. వినుటకు ఇంపుగా నున్నది. కాని నువ్వులను గానుగాడిన పిదప చేతికి వచ్చునది నూనె, ఒక ద్రవ్యము. గొట్టమును తొలిచిన పిదప చేతికి వచ్చినది రజను, దానిని ఊడ్చి పారవేసితిమి. మనకు కావలసినది అచ్చట మిగిలిన ఖాళీ. లేనిది ఉన్నదానియందు దాగియుండెనని సాంఖ్యుడు ఎట్లు చెప్పునో నాకు బోధపడదు.

అయినను ఆయనను ఆ యంత్రశాలనుండి వట్టిచేతులతో పంపనక్కరలేదు. ఈ పనిలో ఒక చమత్కారమున్నది. మార్చిన గదిలో పాత హాలండ్ తూటానే ఉంచి పేల్చినచో ఏమగును? పట్టీ రెంటికి నొక్కటే గనుక తూటా తన స్థానమున బిగువుగా నిలుచును, గుండు కొంత వేగము తగ్గియు సవ్యముగానే వెడలును. పిమ్మట బోల్టు తెరచి చూచినచో, సన్నని భుజములతో లోనికి పోయిన ఇత్తడి తొడుగు, నిండు భుజములతో, వంపు తిరిగిన మెడతో, వెదర్బీ తొడుగై వెలికి వచ్చును. లోపలి ఒత్తిడికి ఇత్తడి ఉబ్బి గదిగోడలను హత్తుకొని వాని రూపమునే ధరించినది. ఇందులో ఒక్క రజను రాలలేదు, ఒక్క వీసము బరువు తగ్గలేదు. ఉన్న ద్రవ్యమే రూపాంతరము పొందినది. ఇది నిక్కముగా సాంఖ్యుల పరిణామము. ఒకే గదిలో, ఒకే పేలుడులో, ఇత్తడి సాంఖ్యుని పక్షమున సాక్ష్యమిచ్చుచుండగా, దాని చుట్టునున్న ఉక్కు వేరొకరి సాక్ష్యమును మోయుచున్నది.

ఆ వేరొకరు అభావమును పదార్థములలో చేర్చి లెక్కించిన తార్కికులు. లేమి కూడ ఒక పదార్థమేనా యని వారిని పరిహసించినవారు కలరు. తుపాకి గొట్టమును చూచినవాడు పరిహసింపడు. ఆ యాయుధమునకు పేరు నిచ్చునది, ధర నిచ్చునది, ఏ తూటాను అంగీకరించి దేనిని నిరాకరింపవలెనో నిర్ణయించునది, దానిలోని ఉక్కు కాదు, ఉక్కు లేని చోటు. ఇంతకంటె ముఖ్యముగా, తార్కికులు అభావమును విభజించి, వస్తువు పుట్టుటకు పూర్వమున్న లేమికి ప్రాగభావమనియు, నశించిన పిదప కలుగు లేమికి ప్రధ్వంసాభావమనియు పేర్లిడిరి. మొదటిదానికి ఆదిలేదు, అంతమున్నది. రెండవదానికి ఆది యున్నది, అంతములేదు. ఈ లక్షణమును నేను బాల్యమున పరీక్షకై కంఠస్థము చేసితిని గాని, ఇంతటి భయంకరమైన మాట తర్కశాస్త్రమున మరియొకటి లేదని తరువాత గాని తోచలేదు. రాలిన రజను లేమికి ఆది యున్నది: రీమరు లోనికి పోయిన ఆ గడియ. దానికి అంతము లేదు: ఆ రజనును కరిగించి పోతపోసినను ఆ గొట్టమున ఆ చోట ఆ లోహము మరల నిలువదు.

కనుక తుపాకి అదియేనా కాదా యను ప్రశ్నకు నా సమాధానమిది. ద్రవ్యమును చూచి చెప్పినచో నైయాయికునితో కూడి అదియే యందును. ఎవరి చేతినుండి వెళ్లినదో వారి చేతికే తిరిగి వచ్చినది, గుర్తింపునకు భంగము లేదు. కాని దానియందు ఒక అనంతమైన లేమి క్రొత్తగా పుట్టినది, ఆ లేమికి కర్త యొకడున్నాడు. వస్తువు యొక్క ఏకత్వమును గూర్చి ఎంతకాలము వాదించినను తేలని తగవు, కర్తయొక్క బాధ్యతను గూర్చి యోచించినచో తేలికగా తేలును.

పొరపడి ఎక్కువ తొలిచిన పనివానికి గత్యంతరము లేకపోలేదు. గొట్టము వెనుక కొనను కొంతమేర కోసివేసి, మరలు మరల కట్టి, గదిని మొదటినుండి తొలువవచ్చును. ధర్మశాస్త్రములు చెప్పు ప్రాయశ్చిత్తమును నేనిట్లే అర్థము చేసికొందును. ప్రాయశ్చిత్తము చేసినవాడు శుద్ధుడగుననిరి గాని, చేయని వానితో సమానుడగునని యెవ్వరును అనలేదు; గొట్టము సరియైనది, కాని పొట్టిదైనది.

బాధ్యతలలో మొదటిది పేరు. సన్న్యాసము స్వీకరించువానికి పూర్వాశ్రమనామము పోయి యోగపట్టము వచ్చుననుట యెల్లరెరిగినదే. తనకు తాను శ్రాద్ధము పెట్టుకొని, అగ్నులను విడిచి, పాత ఋణానుబంధములకు మరణించినవాడై, అదే శరీరముతో వీధిలోనికి వచ్చును. అదే శరీరమే గనుక పాత పేరుతో పిలిచినచో తప్పేమని అడుగవచ్చును. ఆ పేరు విని, ఆతడు నిన్నటి గృహస్థుడే యనుకొని, ఆతని చేత సంతకము చేయించుకొని అప్పిచ్చినవాడు మోసపోవును, తప్పదియే. అయినను ఒక సంబంధము నిలుచును: తండ్రియే సన్న్యాసికి మ్రొక్కవలెను గాని, సన్న్యాసి తల్లికి మ్రొక్కవలెను, శంకరులు తల్లికి అంత్యక్రియలు జరిపిరని సంప్రదాయము చెప్పుచున్నది. తుపాకియందును అట్టిదొకటి మారక నిలిచినది. నాళము 0.308 అంగుళము; అది రీమరు చేరని చోటు.

పేరు మార్చని దోషము ఎంతవరకు పోవునో చూపుటకు వేరొక తుపాకిని తీసికొనవలెను. అమెరికా సైన్యము 1906లో స్వీకరించిన .30-06 తూటాకు చేసిన రైఫిళ్లు లెక్కకు మిక్కిలి. 1960లో స్వీడను దేశపు నోర్మా సంస్థ .308 నోర్మా మాగ్నం అను తూటాను వెలువరించినపుడు, ఆ పాత రైఫిళ్లను సులువుగా మార్చుకొనవచ్చునను సౌకర్యము దానికి పెద్ద ఆకర్షణ యయ్యెను. పాత గదిని క్రొత్త రీమరు పూర్తిగా మ్రింగివేయును, బోల్టు ముఖమును 0.473 నుండి 0.532 అంగుళమునకు విప్పినచో చాలును. అట్లు మార్చినవాడు పాత పేరును కొట్టివేసి క్రొత్త పేరు చెక్కలేదనుకొందము. ఆతనికి తెలియును గనుక ఆతని జీవితకాలమున కీడు జరుగదు. ఆతడు మరణించును, తుపాకి మనుమని చేతికి వచ్చును, గొట్టముపై .30-06 అని చదివి, బజారునుండి ఆ తూటాలే తెచ్చి ఆతడు గదిలో నుంచును. ఇచ్చట హాలండ్ తూటాకు కలిగిన అదృష్టము లేదు. ఆ చిన్న తూటాకు పట్టీ లేదు, తన భుజమును ఆపు గోడయు లేదు, చుట్టును వదులే. పేలినచో తొడుగు చీలి వాయువు వెనుకకు కన్నువైపు రావచ్చును. చేసినవాడు లేడు, అనుభవించువాడు ఏమియు చేయలేదు. కర్మఫలము కర్తనే చేరునను సూత్రమును నమ్మినవారు ఈ యుదాహరణమును గూర్చి కొంతసేపు మౌనము వహింపవలసియుండును. నా మట్టుకు నేను, ఫలము కర్తను చేరుననుట సత్యమే గాని, ఆతనిని మాత్రమే చేరునని శాస్త్రము ఎచ్చటను హామీ యీయలేదని భావింతును.

రెండవ బాధ్యత పరీక్ష. ఇంగ్లండులో ఈ విషయమున చట్టము మన స్మృతికారులవలె కఠినముగా నున్నది. లండను తుపాకి పనివారి శ్రేణికి 1637లో రాజశాసనము లభించెను. బర్మింగ్‌హాములో పరీక్షాగృహము 1813లో ఏర్పడెను. 1868 నాటి చట్టము నేటికిని మూలముగా నున్నది. అచ్చట ప్రతి గొట్టమును, వాడుకలో కలుగు ఒత్తిడికి మించిన ఒత్తిడి పుట్టించు తూటాతో పేల్చి చూచి, నిలిచినదానిపై ముద్ర వేయుదురు. గదిని మరియొక తూటాకు తొలిచినచో పాత ముద్ర నిష్ప్రయోజనమగును. మరల పరీక్షకు పంపి క్రొత్త ముద్ర పొందనిదే దానిని విక్రయింపరాదు. నిన్నటి పరీక్షలో నెగ్గిన ఉక్కే గదా యను వాదము ఆ గృహమున చెల్లదు. నెగ్గినది ఉక్కు మాత్రమే కాదు, ఇంత మందమున్న గోడతో ఇంత ఒత్తిడిని భరించిన ఉక్కు. గోడ పలుచబడినది, ఒత్తిడి పెరిగినది, సాక్ష్యము చచ్చినది. పూర్వపుణ్యమును చూపి నేటి పరీక్షను తప్పించుకొనగోరు మఠాధిపతులకును పండితులకును ఈ చట్టమును వర్తింపజేసినచో ఎందరు నిలుతురో చెప్పలేను. అమెరికాలో అట్టి నిర్బంధ పరీక్షాగృహములు లేవు. అచ్చట పనివాని మనస్సాక్షియే ముద్ర.

మిగిలినది హింస. వెదర్బీ వాదము దయమీదనే నిలిచినదని వినువారు ఆశ్చర్యపడుదురు: వేగము మిక్కిలి హెచ్చిన గుండు తగిలిన మృగము తత్‌క్షణమే కూలును, గాయపడి పొదలలో పడి తీసుకొనదని ఆయన చెప్పుచుండెను. ఎల్మర్ కీత్ అను వేటగాడు, రచయిత, అందుకు ప్రతికూలముగా, వేగముకంటె బరువును వెడల్పును గల గుండే త్వరగా చంపునని జీవితాంతము వాదించెను. ఇరువురును మృగముయొక్క బాధను సాక్షిగా పిలిచినవారే. గురి తప్పినచో సెకనుకు 300 అడుగులు ఎక్కువైనను జింక కాలు విరుగుటయే జరుగుననియు, పైగా భుజమును తన్ను దెబ్బ పెరిగినకొలది గురి తప్పుట హెచ్చుననియు అనుభవజ్ఞులైన వేటగాండ్రే ఒప్పుకొందురు. దయ ఆ వాదమునకు మూలము కాదని నేననను. కాని దూరమునుండి కొట్టగలనను గర్వము దానిప్రక్కనే కూర్చుండియున్నది.

ఇందు పనివాని భాగమెంత? మనుస్మృతి పంచమాధ్యాయము ప్రాణిహింసలో పాపభాగులైన ఎనమండ్రను లెక్కించినది: అనుమతించువాడు, కోయువాడు, చంపువాడు, కొనువాడు, అమ్మువాడు, వండువాడు, వడ్డించువాడు, తినువాడు. వడ్డించిన వానిని సైతము విడువని ఆ జాబితాలో బాణము చెక్కినవాడు లేడు. ఇది మరపు కాదని నా యభిప్రాయము. క్షత్రియునికి ఆయుధము ధర్మమైన సమాజమున ఆయుధకారుని దోషిగా చేర్చుటకు వీలులేదు, దసరాకు మనము నేటికిని పనిముట్లకును కత్తులకును కలిపియే పసుపు కుంకుమలు పెట్టుచున్నాము. ఈ దృష్టితో చూచినచో పనివానికి రెండే విధులు, పేరు సరిగా చెక్కుట, పరీక్షించి యిచ్చుట. అవి నెరవేర్చినవానిని నేను నిర్దోషిగా విడిచిపెట్టుదును. బుద్ధుడు విడిచిపెట్టలేదు. ఉపాసకుడు చేయరాని వ్యాపారములు ఐదని అంగుత్తరనికాయమున చెప్పునపుడు, మనుష్యులను, మాంసమును, మద్యమును, విషమును అమ్ముటకు ముందే ఆయుధములను అమ్ముట పేర్కొనబడినది. ఆయన పేరు చెక్కితివా, పరీక్షించితివా యని అడుగలేదు. ఆ ప్రశ్నలన్నియు రజను రాలిన పిదప పుట్టునవి. ఆయన విధి ప్రాగభావ దశకు చెందినది, రీమరు ఇంకను లేతు ప్రక్కన బల్లపై నుండగా చేతిని ఆపుమనుచున్నది. ఆ తీర్పులోని కాఠిన్యము నా మనస్సునకు రుచింపదు. అందలి తర్కమున లొసుగు మాత్రము ఎంత వెదకినను నాకు చిక్కలేదు.